మబ్బు వెనకాల సుడి కనిపించింది!

మంచు సముద్రాల్లో పది కిలోమీటర్ల సుడిని పట్టే రాడార్ కన్ను, మన గోదారి మొగ మీదుగా కూడా వెళ్తోంది. ఆ ఫోటోలు ఫ్రీ. చదివేవాళ్లే తక్కువ.

గోదారోళ్లకి సుడి అంటే ఏంటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నేను రాజమండ్రిలో పెరిగాను. చిన్నప్పుడు రేవులో స్నానానికి వెళ్తే మా నాయనమ్మ మెట్ల మీద నుంచే కేకేసేది. ‘అటు దిగకురా, సుడుంది’ అని. పైన నీళ్లు మామూలుగానే కనిపించేవి. కింద ఏం జరుగుతోందో తెలీదు. ఆ తెలియకపోవడమే అసలు భయం.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగినప్పుడు ఆ భయం మళ్లీ అందరి ఇళ్లలోకీ వచ్చింది. వరద గోదారి, ఇరుకైన చోటు, సుడులు తిరిగే నీళ్లు. మునిగిన బోటు ఎక్కడుందో సోనార్ పెట్టి వెతికారు. కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం రోజుల తరబడి లంగర్లు వేసి, చివరికి అక్టోబర్ 22న దాన్ని పైకి లాగింది. ఆ రోజులన్నీ మా ఇంట్లో టీవీ ఆపలేదు.

ఇప్పుడు చెప్పబోయేది నదిలో సుడి గురించి కాదు. దాని పెద్దన్న గురించి. సముద్రంలో తిరిగే సుడి. అందులో పడి మనిషి మునిగిపోడు. నిజానికి మీరు దాని మీద బోటులో వెళ్తున్నా మీకు తెలీదు. కానీ చేప ఎక్కడ దొరుకుతుంది, తుఫాను ఎంత ముదురుతుంది అనే విషయాల్లో దానికి గట్టి చెయ్యే ఉంది. నేను సాఫ్ట్‌వేర్ వాడిని, సముద్ర శాస్త్రవేత్తని కాదు. అయినా ఏడాదిగా రాత్రిళ్లు దీని వెంటే తిరుగుతున్నా. ఎందుకో చెప్తాను.

బాబాయ్ అడిగిన ఒక్క ప్రశ్న

నా ఇంజినీరింగ్ ఫ్రెండ్ ఒకడిది కాకినాడ. వాళ్ల నాన్న బోటు మీద సరంగు. నేను బాబాయ్ అనే పిలుస్తా. ఒకసారి ఆగస్టులో వాళ్లింటికి వెళ్తే, ఆయన ఫోన్‌లో చేపల సమాచారం చూపించారు. ఫలానా రేవు నుంచి ఇన్ని కిలోమీటర్లు, ఈ దిక్కున, ఇంత లోతులో చేపలు ఉండే అవకాశం ఉంది అని ఉంటుంది అందులో. అదీ తెలుగులోనే.

ఇది పంపేది ఎక్కడి నుంచో తెలుసా? హైదరాబాద్ నుంచి! ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. జాతీయ సముద్ర సమాచార కేంద్రం అన్నమాట. 1999లో మొదలైంది. సునామీ హెచ్చరికలు ఇచ్చేది కూడా వీళ్లే. సముద్రమే లేని ఊళ్లో కూర్చుని దేశంలోని సముద్రమంతా చూస్తుంటారు. కూకట్‌పల్లి రూమ్‌లో ఉన్న రోజుల్లో నేను ఆ గేటు ముందు నుంచి ఎన్నిసార్లు బైక్ మీద వెళ్లానో. లోపల ఏం చేస్తారో ఒక్కసారీ ఆలోచించలేదు.

వీళ్ల చేపల సమాచారానికి ముఖ్యమైన ఆధారాలు రెండు. ఒకటి, సముద్రం పైపొర ఎంత వేడిగా ఉందో. రెండు, నీళ్లలో ఎంత పచ్చదనం ఉందో. పచ్చదనం అంటే కంటికి కనపడనంత చిన్న నాచు మొక్కలు. నాచు ఉంటే దాన్ని తినే చిన్న జీవులు వస్తాయి, వాటి వెనక కవ్వలు, కానాగంతలు, వాటి వెనక పెద్ద చేపలు. వేడి నీరు, చల్ల నీరు కలిసే గీతల దగ్గర, సుడుల దగ్గర ఈ తిండి పోగవుతుంది. ఉపగ్రహం ఆ చోట్లని పట్టిస్తుంది.

‘బాగా పనికొస్తది అబ్బాయ్. ఊరికే తిరగడం తగ్గింది, డీజిల్ కలిసొస్తది’ అన్నారు బాబాయ్. తర్వాత కిటికీలోంచి ఆకాశం వైపు చూపించి, ‘కానీ పైన ఇలా మబ్బు పట్టేస్తే మీ ఉపగ్రహం కిందకి ఎలా చూస్తది?’ అని అడిగారు.

నా దగ్గర సమాధానం లేదు.

ఆయన అడిగింది అసలైన పాయింటే. పచ్చదనాన్ని చూసేది కెమెరా లాంటిది, దానికి వెలుతురు కావాలి. వేడిని చూసే సెన్సర్లలో బాగా వివరంగా చూపించేవి మబ్బు దాటి చూడలేవు. మబ్బు దాటి వేడిని కొలిచే సెన్సర్లు వేరే ఉన్నాయి గానీ, వాటి ఫోటోలో ఒక్కో చుక్క పదుల కిలోమీటర్లు ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. 61 రోజులు ఖాళీగా కూర్చుని, బోటు బాగు చేయించుకుని, అప్పు తెచ్చి ఐసు, డీజిల్ నింపుకుని వేటకి వెళ్లే సమయానికి ఆకాశం నిండా వానాకాలం మబ్బులే. కన్ను బాగా అవసరమైనప్పుడే కన్ను మూతపడుతుంది.

ఇంతకీ ఈ సుడి ఏం చేస్తుంది?

బంగాళాఖాతంలో మన తీరం వెంట ఒక పెద్ద ప్రవాహం ఉంది. సముద్రంలో పారే నది అనుకోండి. విచిత్రం ఏంటంటే, ఇది ఏడాదికి రెండుసార్లు దిక్కు మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి వేసవి దాకా ఉత్తరానికి, అంటే విశాఖ వైపు పరుగెడుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి, చెన్నై వైపు వెళ్తుంది. ఈ పరుగులో అది వంకర్లు తిరుగుతుంది. వంకర మరీ ఎక్కువైతే తెగిపోయి ఒక చక్రంలా తనలో తానే తిరగడం మొదలెడుతుంది. అదే సముద్ర సుడి. మన దగ్గర పెద్దవి వంద, రెండొందల కిలోమీటర్ల వెడల్పు ఉంటాయి. వారాలు, నెలలు బతుకుతాయి.

వీటిలో రెండు రకాలు. భూమికి ఉత్తర భాగంలో, గడియారం ముల్లుకి ఎదురు దిక్కున తిరిగేవి చల్ల సుడులు. వాటి నడుమ కింది నీరు పైకి వస్తుంది. కింది నీరు అంటే చల్లటిది, ఎరువు ఉన్నది. పొలానికి యూరియా వేసినట్టు పైన నాచు పెరుగుతుంది. బంగాళాఖాతంలో సారం పెరగడానికి ఈ సుడులే కారణమా అని అడుగుతూ, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 2004లోనే ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. గడియారం ముల్లు దిక్కున తిరిగేవి వెచ్చ సుడులు. వాటి నడుమ వేడి నీరు లోతు దాకా పేరుకుని ఉంటుంది.

ఈ వేడి నీరే తుఫానుకి తిండి. మామూలుగా తుఫాను సముద్రాన్ని చిలికినప్పుడు కింది చల్లనీరు పైకి వచ్చి దానికి బ్రేక్ వేస్తుంది. వెచ్చ సుడి మీదకి వస్తే ఎంత చిలికినా వేడి నీరే వస్తుంది. బ్రేక్ పడదు. 2009 మే నెలలో బెంగాల్‌ని కొట్టిన ఐలా తుఫాను ముదరడంలో ఉత్తర బంగాళాఖాతంలోని ఒక వెచ్చ సుడి పాత్ర ఉందని విశాఖపట్నంలోని పరిశోధకులు లెక్కగట్టారు.

కోనసీమలో ఏ ఇంట్లో అడిగినా 1996 నవంబర్ 6 రాత్రి గురించి చెప్తారు. నేను పుట్టిన కొత్తలో. కాకినాడకి దక్షిణంగా తుఫాను తీరం దాటింది. కొబ్బరి తోటలు పడుకున్నాయి, వేటకెళ్లిన వాళ్లు ఎందరో తిరిగి రాలేదు. ఆ తుఫానుకి ఏ సుడి కారణమని నేను అనడం లేదు. నేననేది ఒక్కటే. తుఫాను కింద సముద్రంలో ఎంత వేడి దాగి ఉందో ముందే తెలియడం డెల్టాలో ప్రాణాల లెక్క.

మంచు సముద్రంలో సుడులు ఎందుకంత చిన్నవి?

బాబాయ్ ప్రశ్నకి సమాధానం వెతుకుతూ వెతుకుతూ నేను ఎక్కడికో వెళ్లి తేలాను. గ్రీన్‌లాండ్‌కీ స్వాల్‌బార్డ్ దీవులకీ మధ్య ఫ్రామ్ జలసంధి అని ఉంది. ఉత్తర ధ్రువానికి వెళ్లే దారి. అక్కడ రాడార్ తీసిన ఒక ఫోటో చూశా. నల్లటి నీళ్ల మీద తెల్లటి మంచు ముక్కలు, ఫిల్టర్ కాఫీ డికాక్షన్‌లో పాలు పోసినప్పుడు వచ్చే మెలికల్లా తిరుగుతున్నాయి. ఒక్కోటి పది, ఇరవై కిలోమీటర్లు.

మన దగ్గర వందల కిలోమీటర్లు ఉండే సుడి అక్కడ పదుల్లోకి ఎందుకు కుంచించుకుపోయింది? రెండు కారణాలు. భూమి తిరగడం వల్ల కదిలే నీరు పక్కకి వంగుతుంది. ఈ వంపు భూమధ్యరేఖ దగ్గర ఉండదు, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ పెరుగుతుంది. వంపు ఎక్కువైతే నీరు కొంచెం దూరం వెళ్లేలోపే చుట్టుకుపోతుంది. రెండోది, పొరల తేడా. బంగాళాఖాతంలో పైన వేడిగా, తేలిగ్గా ఉండే నీరు, కింద చల్లగా, బరువుగా ఉండే నీరు. రెంటికీ బాగా తేడా ఉంటుంది. ఈ తేడా ఎంత గట్టిగా ఉంటే సుడి అంత వెడల్పుగా విచ్చుకుంటుంది. చలి సముద్రాల్లో ఆ తేడా తక్కువ. అందుకే అక్కడ సుడులు చిన్నవి.

చిన్నవైతే వచ్చిన చిక్కేంటంటే, మామూలు పద్ధతికి అవి అందవు. సముద్ర మట్టాన్ని కొలిచే ఉపగ్రహాలు ఎప్పటినుంచో ఉన్నాయి. మన ఇస్రో, ఫ్రాన్స్ కలిసి 2013లో పంపిన సరళ్ అలాంటిదే. సుడి నడుమ నీరు కొన్ని సెంటీమీటర్లు ఎత్తుగానో పల్లంగానో ఉంటుంది కదా, దాన్ని పట్టుకుంటాయి. కానీ అవి తమ దారి కింద సన్నటి గీత మీద మాత్రమే కొలుస్తాయి. గీతకీ గీతకీ మధ్య ఎంతో ఎడం. పెద్ద కన్నాల వలలోంచి కవ్వలు జారిపోయినట్టు, చిన్న సుడులు మధ్యలోంచి జారిపోతాయి. 2022 డిసెంబర్‌లో వెళ్లిన స్వాట్ అనే ఉపగ్రహం గీత బదులు 120 కిలోమీటర్ల పట్టీని కొలుస్తూ ఈ కన్నాలని చాలావరకు బిగించింది. అయినా అది 78 డిగ్రీల అక్షాంశం దాటి పైకి చూడదు.

అందుకే ఉత్తరాన శాస్త్రవేత్తలు రాడార్ ఫోటోని నమ్ముకున్నారు. 1978లో నాసా పంపిన సీశాట్ అనే ఉపగ్రహం సుమారు వంద రోజులే పనిచేసింది. కానీ సముద్రం మీద రాడార్‌కి ఇన్ని గీతలు, మెలికలు కనిపిస్తాయా అని ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. తర్వాత 1983, 84లో ఫ్రామ్ జలసంధిలో ఓడలు, విమానాలు, రాడార్లు అన్నీ కలిపి మంచు అంచుల దగ్గర సుడులని వెంటాడారు. ఈమధ్య కాలంలో యూరప్ ఉపగ్రహాల ఫోటోలు వరసగా పరిశీలించి ఆర్కిటిక్‌లో వేల సుడులు లెక్కపెట్టారు. చిన్నవాటిలో ఎక్కువ శాతం గడియారం ముల్లుకి ఎదురు తిరిగేవే. ఇవి అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని నీటిని మంచు కిందకి మోసుకెళ్తాయి. మంచు అంచు ఎంత త్వరగా కరుగుతుందనే లెక్కలో వీటిని వదిలేస్తే లెక్క తప్పుతుంది.

ఆ చలి సముద్రంలో మనవాళ్లూ ఉన్నారు. స్వాల్‌బార్డ్‌లోని నీ-ఆలెసుండ్‌లో 2008 నుంచి హిమాద్రి పేరుతో భారత కేంద్రం ఉంది. 2014 జులైలో అక్కడి కాంగ్స్‌ఫియార్డ్ నీళ్లలో 192 మీటర్ల లోతున ఇండార్క్ అనే పరికరాల గొలుసుని దించారు. దాని తయారీలో మన ప్రగతినగర్ ఇన్‌కాయిస్ కూడా ఒక చెయ్యి వేసింది!

రాడార్‌కి నీళ్లలో ఏం కనిపిస్తుంది?

రాత్రి వానలో బైక్ మీద వెళ్లే ఉంటారుగా. పొడి రోడ్డు మీద హెడ్‌లైట్ పడితే రోడ్డు తెల్లగా కనిపిస్తుంది. నీళ్లు నిలిచిన చోట మాత్రం నల్లగా ఉంటుంది. ఎందుకంటే నున్నటి నీటి మీద పడిన లైటు ముందుకే జారిపోతుంది, వెనక్కి మన కంటికి రాదు. రాడార్ కథ కూడా అంతే. పైనుంచి ఏటవాలుగా తరంగాలు పంపుతుంది. నున్నటి నీరు నలుపు. గాలికి చిరు అలలు లేచిన నీరు తెలుపు. తన లైటు తానే తెచ్చుకుంటుంది కాబట్టి రాత్రయినా పర్లేదు. దాని తరంగం కొన్ని సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి మబ్బు అడ్డం కాదు. బాబాయ్ ప్రశ్నకి సమాధానం ఇదే.

మరి సుడి ఎలా కనిపిస్తుంది? సముద్రం మీద నాచు, చేపలు వదిలే సహజమైన జిడ్డు పల్చగా తేలుతూ ఉంటుంది. బకెట్ నీళ్లలో ఒక్క చుక్క కొబ్బరినూనె వేసి ఊదండి. నూనె ఉన్నచోట అలలు లేవవు. అలాగే ఈ జిడ్డు చిరు అలలని అణిచేస్తుంది. సుడి ఆ జిడ్డుని లాగి చుట్టలు చుట్టలుగా గీస్తుంది. ఫోటోలో నల్లటి మెలికలు కనిపిస్తాయి. మంచు ఉన్నచోట జిడ్డు బదులు మంచు ముక్కలు ఆ పని చేస్తాయి.

దీనికి గాలి కుదరాలి. గాలి అసలు లేకపోతే మొత్తం నలుపే. మరీ ఎక్కువైతే జిడ్డు చెదిరిపోతుంది. గంటకి సుమారు 10 నుంచి 25 కిలోమీటర్ల మధ్య ఉంటే బొమ్మ బాగా పడుతుంది. ఇంకోటి గుర్తుంచుకోవాలి. రాడార్ చూసేది సముద్రం చర్మాన్నే. లోపల చేప ఉందో లేదో, కింద ఎంత వేడి ఉందో అది చెప్పలేదు.

నా ప్రోగ్రాం పట్టిన మొదటి ‘సుడి’

యూరప్ వాళ్ల సెంటినెల్-1 ఉపగ్రహాల రాడార్ ఫోటోలు ఎవరైనా ఫ్రీగా చూడొచ్చు. కోపర్నికస్ బ్రౌజర్ అని వెబ్‌సైట్ ఉంది. ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. మన తీరం మీదుగా ఉదయం ఆరింటి ప్రాంతంలో వెళ్లిన ఫోటోలు అందులో ఉంటాయి. సరిగ్గా బోట్లు రేవుకి చేరే వేళ.

ఇంకేముంది, మనం ఇంజినీర్లం కదా. అంతర్వేది నుంచి కాకినాడ దాకా ఫోటోలు దింపి, మెలికలు వెతికే ప్రోగ్రాం ఒకటి రాశా. మొదటి రోజే వందల్లో దొరికాయి! అర్ధరాత్రి ఎగిరి గంతేశా. పొద్దున్నే జూమ్ చేసి చూస్తే ఏముంది, అన్నీ నలుచదరంగా ఉన్నాయి. రొయ్యల చెరువులు! డెల్టాలో గాలికి అల లేవని చెరువు నీళ్లు రాడార్‌కి నల్ల పలకల్లా కనిపిస్తాయి. నా ప్రోగ్రాం నేల మీద సుడులు లెక్కపెట్టింది. నా రూమ్మేట్ ఆ వారమంతా నన్ను ‘రొయ్యల సైంటిస్ట్’ అనే పిలిచాడు.

నేలని తీసేశాక అసలు తిప్పలు మొదలయ్యాయి. గాలి లేని చోటు నలుపే. ఓడ వదిలిన చమురు నలుపే. వాన పడిన చోటు ఇంకో రకం మచ్చ. నల్లగా ఉన్నదల్లా సుడి కాదు. నెలల తరబడి ప్రోగ్రాం చెప్పినదాన్ని నా కళ్లతో మళ్లీ చూడటం, కొట్టేయడం. ఆఫీసులో మా కస్టమర్ తప్పులు వెతకడం దీని ముందు సుఖమే అనిపించింది.

చివరికి ఒక నవంబర్ పొద్దుటి ఫోటోలో, గౌతమి మొగకి బయట, ఓడల తెల్ల చుక్కలకి అవతల ఒకటి కనిపించింది. సుమారు ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు. మూడు నల్లటి చుట్టలు. గడియారం ముల్లుకి ఎదురుగా లోపలికి చుట్టుకుంటున్నాయి. పక్కనే పొడుగ్గా ఒక గీత. ఆర్కిటిక్ ఫోటోలో చూసిన అదే బొమ్మ, మంచు లేకుండా, మా ఊరి ముందు.

మన పెద్ద సుడుల పక్కన ఇలాంటి చిన్నవి కూడా ఉంటాయని శాస్త్రవేత్తలకి తెలుసు. వానాకాలంలో గోదారి, కృష్ణ, మహానది, గంగ, బ్రహ్మపుత్ర అన్నీ కలిసి బంగాళాఖాతం నెత్తిన మంచినీళ్ల దుప్పటి కప్పుతాయి. ఉప్పునీటి మీద అది తేలుతుంది. రెండు నీళ్లూ కలిసే అంచుల్లో ఈ చిన్న సుడులు పుడతాయి. ఆ దుప్పటిని చింపి, మెలేసి, కిందికి కలిపేది కూడా ఇవే. ఆ దుప్పటి మందాన్ని బట్టే పైపొర వేడి నిలవడమో పోవడమో జరుగుతుంది. గత దశాబ్దంలో మన శాస్త్రవేత్తలు, అమెరికా వాళ్లు కలిసి సాగర్ నిధి లాంటి ఓడల్లో వెళ్లి ఈ అంచులని కొలిచింది అందుకే. వానలకీ, తుఫాన్లకీ దీంతో ముడి ఉంది కాబట్టి.

బాబాయ్ పెట్టిన పరీక్ష

సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ ఫోటో బాబాయ్‌కి చూపించా. కళ్లజోడు పెట్టుకుని ఫోన్‌ని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. నేను చుట్టల గురించి, భూమి తిరగడం గురించి మొదలెట్టేలోపే ఆయన వేలు ఆ పొడుగు గీత మీద ఆగింది.

‘ఇది మాకు తెలుసు కదా’ అన్నారు.

‘ఎలా తెలుసు బాబాయ్?’

‘ఏటి నీరు, కడలి నీరు కలిసే చోటు ఇది. రంగు మారిపోద్ది. నురగ, చెత్త, గుర్రపుడెక్క అన్నీ వచ్చి వరసగా నిలబడతాయి, కంచె కట్టినట్టు. అక్కడ చిన్న చేప చేరుద్ది. దాని కోసం పెద్దది. మా అయ్య అక్కడే వల వేసేవాడు.’

నాకు నోట మాట రాలేదు. రాడార్ సుమారు ఏడొందల కిలోమీటర్ల ఎత్తు నుంచి పట్టుకున్న గీతని వీళ్లు రెండు తరాలుగా నురగ చూసి పట్టుకుంటున్నారు. తేడా ఏంటంటే, ఆయనకి బోటు నుంచి కనిపించే మేరే కనిపిస్తుంది. రాడార్‌కి 250 కిలోమీటర్ల వెడల్పు ఒకేసారి.

‘ఎప్పటిది ఈ ఫోటో?’ అని అడిగారు.

‘నవంబర్‌ది.’

ఆయన నవ్వేశారు. ‘అబ్బాయ్, పొద్దున ఉన్న గీత సాయంత్రానికి ఉండదు. నువ్వు నవంబర్‌ది సంక్రాంతికి చూపిస్తున్నావు!’

నిజమే. చిన్న సుడి బతికేది గంటల నుంచి కొద్ది రోజులు. ఒక సెంటినెల్ ఉపగ్రహం అదే దారిలో మళ్లీ రావడానికి 12 రోజులు పడుతుంది. ఫోటో వెబ్‌సైట్‌లోకి సాధారణంగా ఒక రోజు లోపే వస్తుంది గానీ, తర్వాతి ఫోటోకి ఈ సుడి ఉండనే ఉండదు. మరి ఆర్కిటిక్‌లో ఎలా సాగుతోంది అంటారా? ఈ ఉపగ్రహాల దారులు గొడుగు పుల్లల్లాంటివి. అంచు దగ్గర దూరం దూరంగా ఉన్నా, నడినెత్తి దగ్గరికి వచ్చేసరికి అన్నీ కలుస్తాయి. ధ్రువం దగ్గర ఒకే చోటు మీదుగా చాలా దారులు వెళ్తాయి. పైగా ఓడలకి మంచు కబురు చెప్పాలి కాబట్టి అక్కడ ఫోటోలు ఎక్కువ తీస్తారు. యూరప్ వైపు ఆర్కిటిక్‌లో చాలాచోట్ల దాదాపు రోజూ ఫోటో పడుతుంది.

ఇది చెప్తే బాబాయ్ కాసేపు ఆలోచించారు. ‘మంచు సముద్రానికి రోజూ తీస్తారు సరే. అక్కడ వేటకెళ్లే బోట్లెన్ని, మన బంగాళాఖాతంలో ఎన్ని?’

మళ్లీ నా దగ్గర సమాధానం లేదు.

మన కన్ను తెరుచుకుంటోంది

అయితే పరిస్థితి మారుతోంది. మబ్బు దాటి చూసే రాడార్ ఉపగ్రహాలు మనకీ ఉన్నాయి. 2012లో రీశాట్-1, 2022 ఫిబ్రవరి 14న ఈఓఎస్-04 వెళ్లాయి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 మీద నైసార్ వెళ్లింది. నాసా, ఇస్రో కలిసి చేసింది. 12 మీటర్ల యాంటెన్నా, రెండు రకాల రాడార్లు. అందులో ఒకదాని తరంగం 24 సెంటీమీటర్లు. ముఖ్యంగా నేల కదలికలు, మంచు, అడవులు, పంటల కోసం చేసినా, తీరం కూడా దాని కంట పడుతుంది. అది కూడా 12 రోజులకి ఒకసారే తిరిగొస్తుంది. కానీ సెంటినెల్, ఈఓఎస్, నైసార్‌ల దారులు వేరు వేరు. అన్నీ కలుపుకుంటే ఎడం తగ్గుతుంది. దానికి స్వాట్ మట్టం, మబ్బు లేనినాటి పచ్చదనం, సముద్రంలోని తేలే పరికరాల కొలతలు చేర్చాలి. ఒక్క ఉపగ్రహం ఏదీ ఈ పని చేయలేదు.

ఇంకో కొరత ఉంది. అది డబ్బుతో కొనేది కాదు. నల్లటి మెలికల్లో ఏది సుడి, ఏది నూనె, ఏది గాలి లేని చోటు అని కంప్యూటర్‌కి నేర్పాలంటే, ఎవరో ఒకరు అక్కడ ఉండి చూసినవాళ్లు చెప్పాలి. మంచు సముద్రంలో ఆ పని పరిశోధన ఓడలు చేశాయి. మన దగ్గర రోజూ సముద్రం మీద ఉండేది ఎవరు? బాబాయ్ లాంటివాళ్లే.

మీలో కంప్యూటర్ సైన్సో, జియాలజీయో, ఫిషరీసో చదివేవాళ్లు ఉంటే, ప్రాజెక్ట్ కోసం రెడీమేడ్‌గా వెతుక్కునే బదులు ఒకసారి మన తీరం ఫోటో తెరవండి. మొదట ఒక తేదీ, తర్వాత ఆ రోజు గాలి ఎంతుందో చూడండి. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్, కోరింగ మడ అడవులు గుర్తుపట్టండి. అక్కడి నుంచి మెల్లగా సముద్రంలోకి వెళ్లండి. చెరువులని మాత్రం సుడులనుకోకండి! ఆ బాధ నేను పడ్డాను, చాలు. ఇంకో మాట, ఈ ఫోటో చూసి ఎవరినీ వేటకి పంపకండి. సముద్రం మీదకి వెళ్లే ముందు వాతావరణ శాఖ, ఇన్‌కాయిస్ ఇచ్చే హెచ్చరికలే చూడాలి.

నేనూ బాబాయ్ ఒక ఒప్పందానికి వచ్చాం. ఉపగ్రహం మన మీదుగా వెళ్లే తేదీలు ముందే తెలుస్తాయి కదా. అవి రాసి నేను ఆయనకి వాట్సాప్‌లో పంపుతాను. ఆ పొద్దుట ఆయన సముద్రం మీద ఉంటే, నురగ గీత ఎక్కడ కనిపించిందో జీపీఎస్ పాయింటు, టైము రాసి పెడతారు. ఒడ్డుకొచ్చాక నాకు పంపుతారు. నేను ఫోటోతో సరిచూస్తాను.

ఇప్పటికి నాలుగు పాయింట్లు వచ్చాయి. రెండు సరిపోయాయి. ఒకటి గాలి లేని రోజు, ఫోటో అంతా నలుపే. నాలుగోది నా ప్రోగ్రాం అసలు పట్టుకోనేలేదు. ఫోటోలో మాత్రం ఉంది, సన్నగా. ఆయన చెప్పాక చూస్తే కనిపించింది.